భూకంపానికి ముందు నేల ఏమైనా చెబుతుందా? వెతకడం దండగేనా?

ములుగువాసి: 2024 డిసెంబర్ 4 పొద్దున మా ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలింది, గిన్నెలు దొర్లాయి, అందరం బయటికి పరిగెత్తాం. అప్పటి నుంచి ఒకటే ప్రశ్న. బావి నీటిమట్టం, నేలలోంచి వచ్చే రాడాన్ వాయువు, చిన్న ప్రకంపనలు, ఇవన్నీ కొలిచి ముందే చెప్పలేరా? చైనాలో 1975లో హైచెంగ్‌లో జనాన్ని ముందే ఇళ్ళలోంచి పంపించేశారు కదా.

రాతిపొర: హైచెంగ్ పేరు ఎత్తితే తాంగ్‌షాన్ పేరు కూడా ఎత్తాలండీ. మరుసటి ఏడాదే, 1976 జులై 28న, హెచ్చరిక లేకుండా వచ్చింది, అధికారిక లెక్కలోనే 2.4 లక్షల మంది పోయారు. హైచెంగ్‌లో ఆదుకున్నది ముఖ్యంగా ముందు రోజు నుంచి వచ్చిన వరస ప్రకంపనలు. కాలిఫోర్నియా పార్క్‌ఫీల్డ్‌లో 1993లోపు వస్తుందని చెప్పి నేలంతా పరికరాలు పాతితే, అది 2004 సెప్టెంబర్‌లో వచ్చింది, అన్ని పరికరాల్లో నమ్మదగ్గ సంకేతం ఒక్కటీ దొరకలేదు.

మంజీర: అన్నా, మరి మహారాష్ట్రలోని కిల్లారి? 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. అంతకు ముందు ఏడాదే అక్కడ నేల మాటిమాటికీ కంపించింది. అది సంకేతం కాదా? నాకు ఈ ఒక్కటీ మింగుడుపడదు.

రాతిపొర: ఇప్పుడు చూస్తే సంకేతమే. కానీ 2020 జనవరిలో సూర్యాపేట జిల్లా చింతలపాలెం చుట్టుపక్కల కూడా అలాగే వరసగా కంపించింది, జనం రాత్రుళ్ళు బయటే పడుకున్నారు, పెద్దది రాలేదు. మహారాష్ట్ర పాల్ఘర్‌లో 2018 చివరి నుంచి వేలకొద్దీ వచ్చాయి, అక్కడా అంతే. ఏది కిల్లారి అవుతుందో, ఏది చింతలపాలెం అవుతుందో ఆ రోజున తేడా తెలియదు. తెలియకుండా ఊళ్ళు ఖాళీ చేయిస్తే రెండోసారి ఎవరూ కదలరు.

మంజీర: ఖాళీ చేయించమని నేననలేదు. కిల్లారిలో చంపింది మట్టిలో పేర్చిన బరువైన రాతి గోడలు. ప్రకంపనలు మొదలయ్యాక ఏడాది దొరికింది, తేదీ తెలియకపోయినా గోడలు చూసుకోవచ్చుగా! కొలవడం ఆపొద్దంటున్నది అందుకే. మహారాష్ట్రలోనే తరచూ భూమి కంపించే కొయినాలో 3 కిలోమీటర్ల లోతు బోరు వేసి రాతినే చదువుతున్నారు, అదీ కావాలి.

రాతిపొర: ఈ మాటకు నేనూ ఒప్పుకుంటా. తేదీ చెబుతామని మాత్రం ఎవరూ మాటివ్వకూడదు.

ములుగువాసి: మాదీ మట్టి, రాతి గోడలే. ఏం చేయించాలి?

మంజీర: ముందు ఇంజనీరుకి చూపించండి. తలుపుల పైన, లింటెల్ ఎత్తులో, ఇంటి చుట్టూ తెగకుండా, గోడలన్నిటినీ కలిపి పట్టుకునే పట్టీ కట్టించడం కుదురుతుందేమో అడగండి. పైకప్పు మీద మట్టి మందంగా ఉంటే తగ్గించండి.