పాత పొగాకు పైపు మీద వెండి ముద్రలు చదవడం వచ్చినవాళ్లు ఉన్నారా?

నా దగ్గర ఒక పాత మీర్షామ్ (మెత్తటి తెల్ల రాయి) పైపు ఉంది, తెల్లగా ఉండాల్సిన గిన్నె పొగ పీల్చీ పీల్చీ తేనె రంగుకి తిరిగింది, చూస్తుంటే ఎంత ముద్దొస్తుందో. గిన్నెకీ గొట్టానికీ మధ్య సన్నటి వెండి పట్టీ, దాని మీద లంగరు, నడుస్తున్న సింహం, ఒక అక్షరం. లంగరంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించిన వెండి, సింహమంటే 92.5 శాతం స్టెర్లింగ్, అంతవరకు ఓకే. చిక్కంతా ఆ అక్షరంతోనే, అది ఏటా మారుతుంది కానీ ఓ పాతికేళ్లకి మళ్లీ మొదటికొస్తుంది, అప్పుడు అక్షరం వాటం, చుట్టూ ఉన్న డాలు ఆకారం బట్టే ఏ విడతో చెప్పాలి, ఇక్కడేమో అంచులు అరిగిపోయాయి. రాణి తల ముద్ర లేదు, 1890 దాకా సుంకం కట్టినట్టు అది వేసేవాళ్లు కదా, మరి ఇంత చిన్న పట్టీకి అది లేకపోతే 1890 తర్వాతదే అనుకోవచ్చా?

ఇంకోటి, పట్టీ తేదీనే పైపు తేదీగా తీసుకోవచ్చా? పగులు కప్పడానికి తర్వాత బిగించేవాళ్లు కూడా. నోట్లో పెట్టుకునే ముక్క ఆంబరో (గట్టిపడిన పురాతన చెట్టు జిగురు) బేకలైటో (తొలినాటి ప్లాస్టిక్) తేలినా చాలు, బేకలైట్ 1907కి ముందు లేదు కాబట్టి. అది తేల్చడానికి సూది కాల్చి గుచ్చమని మాత్రం చెప్పకండి, మచ్చ పడుతుంది. పాలిష్ కూడా పెట్టలేదు, ఉన్న గీతలు కూడా పోతాయని. ఏ కోణంలో ఫోటో కావాలో చెప్పండి, తీసి పెడతా.