తీగ లాగితే కదిలేది ఏ డొంక?

న్యూజెర్సీలో అక్టోబరు చివరికొచ్చిందంటే పెరటి తోట సర్దుకోవాల్సిందే. ఒక్క రాత్రి గడ్డకట్టే చలి తగిలితే చాలు, తెల్లారేసరికి బీర, సొర ఆకులు ఉడకబెట్టినట్టు నల్లబడి వాలిపోతాయి. దొండను కుండీతో సహా గరాజ్‌లోకి, కరివేపాకును ఇంట్లోకి చేర్చేశాం. చిక్కుడు సంగతి చెప్పక్కర్లేదు. పగలు కురచైతే గానీ పూతకు రాదు, ఇక్కడ పూత పట్టే వేళకి చలి వచ్చి కూర్చుంటుంది. రథసప్తమికి చిక్కుడుకాయల రథం చేసుకునే భాగ్యం మాకు లేదు.

ఇక మిగిలింది పందిరి విప్పడం. సొరపాదు మొదలు కోసి ఒక కొస పట్టుకు లాగాను. ఎండిన నులితీగలు పచ్చివాటికంటే గట్టిగా బిగుసుకుంటాయి. సొర కాకరను లాగింది, కాకర చిక్కుడును లాగింది, అటు చివర వెదురుకర్ర ఊగింది. స్కాముల వార్తల్లో అరిగిపోయిన సామెత కళ్ళముందు జరిగింది: తీగ లాగితే డొంకంతా కదిలింది.

మా అబ్బాయికి సామెత చెబితే, "డొంక అంటే దారి కదా, దారెలా కదులుతుంది?" అన్నాడు. వాళ్ళ తాతగారిది తెనాలి వైపు, అక్కడ డొంకంటే పొలాల మధ్య బండ్ల బాటే మరి. నా లెక్కన సామెతలోది ముళ్ళడొంకలోని డొంక, అంటే పొద. డొంకతిరుగుడులో మాత్రం బాటే ఉందనిపిస్తుంది. మీరేమంటారు?

జవాబు: పొదేనండీ, సందేహం లేదు. కానీ రెండూ మరీ దూరం కావు. మా గుంటూరు వైపు డొంకలకి రెండు పక్కలా నాగజెముడు, కంపచెట్లు, వాటి మీద కాకిదొండ అల్లుకుని ఉండేవి. పొదల మధ్య దారి కాబట్టే దారికీ ఆ పేరొచ్చిందేమో.

జవాబు: మా ఊళ్లో (వరంగల్ దగ్గర) దాన్ని బండ్లబాట అనే అంటాం. డొంక అంటే ముండ్ల పొదే. డొంకతిరుగుడు మాటలు మాత్రం మాకూ ఉన్నాయి, అది పేపర్ల నుంచి వచ్చిందో ఏమో.

జవాబు: సామెత సరే, ఎండిన తీగల్ని అలా లాగకండి, పందిరి పడిపోతుంది. కత్తెరతో ముక్కలుగా కోసుకోండి. ముదిరిన సొరకాయ ఒకటి విత్తనానికి ఉంచారా?