కట్నమిచ్చి పంపిన ఆడపిల్లకు పొలంలో వాటా ఉంటుందా?

తెనాలి రైతు:
మా నాన్న 2022లో పోయారు. వీలునామా రాయలేదు. నాలుగెకరాలు, పాసుపుస్తకం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. పేరు మార్పిడికి, అదే మ్యుటేషన్‌కి వెళ్తే వారసులందరూ సంతకాలు పెట్టాలన్నారు. అక్క పెట్టనంటోంది. 1984లో పెళ్ళి చేశాం. ఇరవై వేలు కట్నం, పదిహేను కాసుల బంగారం, లాంఛనాలు వేరే. దానికోసం నాన్న అరెకరం అమ్మారు. ఇన్నేళ్ళూ పొలం ఊసెత్తని మనిషి, పక్కన బైపాస్ పడగానే వాటా అంటోంది. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

పాలమూరు పద్మ:
న్యాయమే. బైపాస్ పడ్డంక మీకు ఆశ పుట్టొచ్చు గానీ ఆమెకు పుట్టొద్దా?

తెనాలి రైతు:
ఎన్టీఆర్ తెచ్చిన ఆస్తి హక్కు చట్టం 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకే వర్తిస్తుంది. అక్కకు ఏడాది ముందే అయింది. లెక్క తేలిపోయింది కదా.

పాలమూరు పద్మ:
తేలలే. 2005ల కేంద్రం హిందూ వారసత్వ చట్టం మార్చింది, పెళ్ళయిందా లేదా అన్న షరతే లేదు. 2005 నాటికి తండ్రి బతికుండాల్సిన పని కూడ లేదని 2020 ఆగస్టుల వినీతా శర్మ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. సదువుకోండ్రి.

డాలస్ శ్రీను:
మా చెల్లి అడక్కముందే రాసిచ్చేశాం. దీనికింత రచ్చ ఎందుకో.

తెనాలి రైతు:
మీరు డాలర్లు సంపాదిస్తూ రాసిచ్చారు శ్రీను గారూ. నాకున్నది ఆ నాలుగెకరాలే.

పద్మ గారూ, చట్టం సంగతి పక్కన పెట్టండి. పదిహేను కాసులంటే 120 గ్రాములు. ఇవాళ్టి రేటు కట్టండి. అది వాటా కాదా?

పాలమూరు పద్మ:
ఇవాళ్టి రేటే కట్టాలంటే పొలానికీ ఇవాళ్టి రేటే కట్టాలె. ఇంకొకటి, ఆ ఇరవై వేలు మీ అక్క చేతిల పెట్టిన్రా, ఆమె మామ చేతిల పెట్టిన్రా? బంగారం ఇప్పుడు ఆమె దగ్గర ఉన్నదా?

తెనాలి రైతు:
బంగారం బావ తాకట్టు పెట్టాడని విన్నాం. దానికి నేనేం చేసేది? ఇచ్చాం, అంతే.

మంగళగిరి కుర్రోడు:
తరుగు తీసేసి చెప్పండి బాబాయ్ 120 గ్రాములు.

దస్తావేజు లేఖరి:
రైతు గారూ, కట్నం మాట కోర్టులో ఎత్తకండి. 1961 వరకట్న నిషేధ చట్టం కింద ఇచ్చినవాళ్ళదీ నేరమే.

పాలమూరు పద్మ:
నా కథ వినండ్రి. మా నాయిన దినాల నాడు పంక్తి లేవకముందే పెద్దన్న స్టాంపు కాగితం పట్టుకొచ్చిండు. అమ్మ పింఛన్‌కు అన్నడు. పెరుగన్నం చేతులు కడుక్కొని, తడి చేత్తోనే సంతకం పెట్టిన. ఆరు నెలలకు తెలిసింది, పొలంల హక్కు వదులుకుంటున్నట్టు రాసుకున్నరని. అందుకే చెప్తున్న, అన్నదమ్ములు సంతకం అంటే నమ్మొద్దు.

దస్తావేజు లేఖరి:
అమ్మా, అది రిజిస్ట్రేషన్ అయిందా? కాకపోతే ఆ కాగితంతో మీ హక్కు పోదు.

పాలమూరు పద్మ:
పోదని నాకూ తెలుసు. కోర్టుకు పోతే హక్కొస్తది, బతుకమ్మకు పోయే ఇల్లు ఉండదు. ఇక్కడ నా కేసు కాదు మాట్లాడేది.

తెనాలి రైతు:
మీరే కదా తెచ్చింది! మీ అన్నలు మోసం చేస్తే నన్ను దొంగను చేస్తారేంటి? నేను పట్టపగలు అడిగాను సంతకం.

పాలమూరు పద్మ:
ఏమని అడిగిన్రు? "వాటా కావాల్నా అక్కా" అని అడిగిన్రా, "ఇక్కడ పెట్టు" అని అడిగిన్రా?

తెనాలి రైతు:
ఇక్కడ పెట్టు అనే అడిగాను. ఎందుకు అడగకూడదో చెప్పండి. అక్క పెళ్ళి అప్పు తీరాలని నన్ను ఇంటర్ మధ్యలో మాన్పించారు. లెక్కల్లో క్లాసులో మొదటివాణ్ణి నేను. బావ బ్యాంకులో రిటైరయ్యాడు, నెలనెలా పెన్షన్ వస్తుంది. నాకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. నాన్నకు డయాలసిస్ మొదలయ్యాక వారానికి రెండుసార్లు గుంటూరు తిప్పింది నేను. అక్క పండగకు యాపిల్ పళ్ళు తెచ్చి, "నాన్న చిక్కిపోయాడు" అని నా వంక చూసి వెళ్ళేది. ఈ పొలం నాకు ఆస్తి కాదండీ, ఇన్నేళ్ళ జీతం. జీతంలో వాటా అడుగుతారా ఎవరైనా?

డాలస్ శ్రీను:
ఈ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది. కాసులూ కట్నాలూ అని అందర్నీ తిప్పారు.

పాలమూరు పద్మ:
జీతమే అయితే మీ నాయిన వీలునామా ఎందుకు రాయలే? బతికుండగ నోరు తెరిచి అడిగిన్రా?

తెనాలి రైతు:
చేతికి సూదులతో మంచం మీద పడుకున్న మనిషిని పొలం నా పేరు రాయమని అడగమంటారా?

దస్తావేజు లేఖరి:
ఇందాకటి నుంచి 1985, 2005, 2020 అని కొట్టుకుంటున్నారు. ఒక్కటి చెప్పండి. పొలం ఎవరు కొన్నది?

తెనాలి రైతు:
రెండెకరాలు తాత కొన్నది. తాత 1971లో పోయారు, నాన్నమ్మ అంతకుముందే. నాన్న ఒక్కడే సంతానం. మిగతా రెండూ నాన్న కొన్నవి.

దస్తావేజు లేఖరి:
అయితే మీరిద్దరూ చెప్పిన చట్టాలు మీ పొలానికి అక్కర్లేదు. అవి ఉమ్మడి కుటుంబ ఆస్తికి. తాత సొంతంగా కొన్నది, 1956 తర్వాత వారసత్వంగా కొడుక్కి వస్తే అది ఆ కొడుకు సొంత ఆస్తే. వీలునామా లేకుండా ఆయన పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం భార్యకు, కొడుక్కి, కూతురికి సమానం. కూతురి పెళ్ళి ఏ ఏడాదిలో అయిందన్న ప్రశ్నే లేదు. మీ అమ్మగారు ఉన్నారా?

తెనాలి రైతు:
ఉంది. నా దగ్గరే.

దస్తావేజు లేఖరి:
మరి ఒక్కొక్కరికి ఎకరం ముప్పైమూడు సెంట్లు. ఇంతసేపట్లో ఆవిడ పేరు ఒక్కరూ ఎత్తలేదు.

తెనాలి రైతు:
అమ్మ వాటా నాదే కదండీ, చూసుకునేది నేనే.

పాలమూరు పద్మ:
ఇగో, మళ్ళ అదే!

దస్తావేజు లేఖరి:
ఆవిడ వాటా ఆవిడదే. మీకు రాసివ్వచ్చు, అక్కకు రాసివ్వచ్చు, ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకోవచ్చు. మీరు చేసిన చాకిరీకి చట్టం సెంటు కూడా అదనంగా ఇవ్వదు. అది అక్క మనసుకు రావాలి. ఒప్పుకుంటే విడుదల దస్తావేజు, అంటే వాటా వదులుకుంటున్నట్టు పత్రం, రిజిస్టర్ చేయించుకోండి, డబ్బిచ్చినా ఇవ్వకపోయినా సరే. తెల్లకాగితం మీద మాత్రం వద్దు.

మంగళగిరి కుర్రోడు:
లేఖరి గారు ఫీజు లేకుండా భలే చెప్పారు.

తెనాలి రైతు:
ఆదివారం అక్క వస్తోంది. అమ్మ ముందే మాట్లాడతాను. కానీ బోరు, మోటారు, కరెంటు లైను, అన్నీ నా డబ్బుతో వేసినవి. వాటి లెక్క మాత్రం వదలను.

పాలమూరు పద్మ:
బోరు బిల్లులున్నయా?