అమ్మకి 'డీమన్ స్లేయర్' తెలుగులో చెబుతున్నా, 'నువ్వా, మీరా' దగ్గర దొరికిపోతున్నా

కాజాప్రియుడు (ప్రశ్న)

కథ తెలిసిపోయే మాటలు కొన్ని ఉన్నాయి, చూడనివాళ్లు జాగ్రత్త.

2025 సెప్టెంబర్ 12న 'ఇన్ఫినిటీ కాజిల్' (జపాన్ యానిమే 'డీమన్ స్లేయర్' సినిమా) మన దగ్గర తెలుగులో కూడా వచ్చింది కదా. తోడు ఎవరూ దొరక్క అమ్మని తీసుకెళ్లాను. 155 నిమిషాల సినిమా, ముందు కథ ఒక్క ముక్క తెలీదు, పది నిమిషాల్లో నిద్రపోతుందనుకున్నా. పోలేదు. బయటికొచ్చాక బండి ఎక్కుతూ అడిగింది: "ఆ పసుపు జుట్టు కుర్రాడు ఏడ్చింది సొంత తాత కోసమేనా?" కాదమ్మా, కత్తి నేర్పిన గురువు అన్నాను. "మరి మొదట్నుంచీ చూపించు" అంది.

అక్కణ్ణుంచి మొదలైంది నా తిప్పలు. నాకు అలవాటు జపనీస్ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్. అమ్మకి ఇంగ్లిష్ చదవడం రాదు. కాబట్టి రాత్రి భోజనాలయ్యాక నేను రిమోట్ పట్టుకుని కూర్చుంటా, డైలాగ్ రాగానే ఆపి తెలుగులో చెబుతా, మళ్లీ నొక్కుతా. ఇరవై నాలుగు నిమిషాల ఎపిసోడ్‌కి గంట పడుతోంది.

కథ చెప్పడం కష్టం కాదు. పిలుపులే కష్టం. కథానాయకుడు తంజిరో, అతనికి కత్తి నేర్పే ఉరొకొదాకి (ఎర్ర ముఖం, పొడుగు ముక్కు మాస్క్ పెట్టుకునే ముసలాయన) మాట్లాడుకుంటుంటే ఇంగ్లిష్‌లో ఇద్దరికీ ఒకటే 'యూ'. నేను ధారగా 'నువ్వు' అనేశాను. అమ్మ వెంటనే, "అదేంట్రా, ఇంత బుద్ధిమంతుడు గురువుగారిని పట్టుకుని నువ్వు అంటాడా?" అంది. తర్వాత ఇనోసుకే అనే మొరటు కుర్రాడి నోట 'మీరు' పెడితే అది ఇంకా ఘోరంగా కుదిరింది.

రూమ్మేట్లేమో "ఒరిజినల్‌లో చూడకపోతే నువ్వు ఫ్యానే కాదు" అంటున్నారు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో జపనీస్ రాకుండా పట్టుకునే దారి ఏమైనా ఉందా?

సబ్‌టైటిలే_సత్యం

బ్రో, ఆపి ఆపి చూస్తే ఫైట్లు ఏం చూస్తారు? ఆ స్టూడియోవాళ్లు నీటి అలల్ని పాత చెక్క అచ్చు బొమ్మల్లా గీసింది నువ్వు పాజ్ నొక్కడానికా. నాలుగు ఎపిసోడ్లు అలాగే చూపించు, ఆంటీకి ముఖాలు చూసే అర్థమవుతుంది. తెలుగులో తంజిరో జపనీస్ నటుడు నత్సుకి హనాఏ గొంతు పోతుంది, అది మాత్రం నిజం.

లూప్‌కి_ఇంత

తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా కార్టూన్లకి తెలుగు డైలాగులు రాస్తున్నాను. (ఈ సినిమా నేను రాయలేదు, తిట్టాలంటే వేరేవాళ్లని చూసుకోండి.) మీ అమ్మగారు పట్టుకున్నది మా పనిలో సగం.

ముందు నీకు పనికొచ్చేది. వాక్యం చివర విను. 'దెస్', 'మస్' అని ముగిస్తే మర్యాద. తంజిరో ఉరొకొదాకితో, రెంగోకు అనే పెద్ద కత్తివీరుడితో అలాగే మాట్లాడతాడు, పేరు చివర 'సాన్' చేరుస్తాడు. అక్కడ 'మీరు' పెట్టు. అదే పిల్లాడు చెల్లెలు నెజుకో వైపు తిరిగేసరికి ఆ తోకలన్నీ పోతాయి. అక్కడ 'నువ్వు'. భాష రానక్కర్లేదు, చెవి ఉంటే చాలు. రాక్షసిగా మారాక నెజుకోకి చాలాదాకా డైలాగే లేదు, నోట్లో వెదురుముక్క. ఊఁ, ఉమ్మ్ తప్ప రాసే పని ఉండదు. అలాంటి పాత్ర దొరికితే మేం పండగ చేసుకుంటాం.

ఇక ఒరిజినల్ గొడవ. మీ రూమ్మేట్లు చదివేది కూడా ఇంగ్లిష్ అనువాదమే కదా! అన్నలూ, ఒక్క సంగతి ఆలోచించండి. యానిమేలో వందసార్లు వినే మాట: 'ఒరె వ ఒమయె ఒ జెత్తాయ్ ని యురుసనాయ్'. తెలుగులో 'నేను నిన్ను ఎట్టి పరిస్థితిలో క్షమించను'. వరస చూడండి. నేను, నిన్ను, ఎట్టి పరిస్థితిలో, క్షమించను. ఒక్క మాట కూడా జరగలేదు. క్షమిస్తాడా లేదా అన్నది చివరి అక్షరం దాకా తేలదు, జపనీస్‌లోనూ అంతే. పాత్ర మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటే మనమూ అక్కడే ఆగొచ్చు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ 'ఎప్పటికీ క్షమించను' అన్నది ముందే చూపించేస్తుంది, నటుడు ఇంకా 'నేను, నిన్ను' దగ్గరే ఉంటాడు.

పెదాలూ కలిసొస్తాయి. వాళ్ల మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనో, 'న్' తోనో ముగుస్తాయి. మనవీ అచ్చుతోనే. బళ్లో ద్రుతం అని చదువుకున్నాం చూడండి, ఆ 'న్' కూడా మనకి ఉంది. వాక్యం అయిపోయాక బొమ్మ నోరు తెరుచుకునే ఉంటుంది, మన నోరూ తెరుచుకునే ఉంటుంది. పైగా యానిమేలో నోటికి ఎక్కువగా మూడే బొమ్మలు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. లైవ్ యాక్షన్‌లో క్లోజప్ పడితే ప, బ, మ ఎక్కడున్నాయో వెతుక్కుని చస్తాం. ఇక్కడ అంత టెన్షన్ లేదు. లేనిదల్లా చోటు. మన మాటలు పొడుగు, ఎక్కడో ఒకటి కోయాలి.

పేర్ల సంగతి కూడా అమ్మగారికి చెప్పు, నచ్చుతుంది. వాళ్లకీ ఇంటిపేరు ముందు. కమాదో తంజిరో అంటే కమాదో వారి తంజిరో. కమాదో అంటే పొయ్యి, తంజిరోలో 'తన్' అంటే బొగ్గు. బొగ్గులమ్ముకునే ఇంట్లో పుట్టినవాడికి ఆ పేరు. ఇంగ్లిష్‌వాళ్లు తిప్పి రాసి దాన్ని కాస్తా పోగొట్టారు.

ఒక్క జాగ్రత్త. ఇనోసుకే అడవిపందుల మధ్య పెరిగాడు కదా అని ఏదో ఒక జిల్లా యాస పెట్టాలనిపిస్తుంది. పెట్టకు. ఇలాంటి పాత్ర ఒకటి నా చేతికొచ్చినప్పుడు, "ఫలానా యాస పెట్టండి, నవ్వొస్తుంది" అన్నారు ఒక స్టూడియోలో. ఆ యాస మా అత్తగారి ఊరిది. పెట్టనన్నాను. తర్వాత వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. నాగరికం తెలీని మనిషికి ఒక ఊరివాళ్ల నోరు అద్దెకి తేవడమేంటి? మర్యాద తెలీకుండా, కర్ర విరిచినట్టు మాట్లాడించు చాలు.

నాగోయా_లోకల్

పైన అన్నగారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. నాగోయాలో ఆరేళ్లుగా ఉద్యోగం.

'సాన్' అంటే ప్రతిసారీ 'గారు' కాదు. మా ఆఫీసులో నాకంటే చిన్న కుర్రాడినీ సాన్ అనే అంటాం. అక్కడ 'గారు' పెడితే మన చెవికి వెటకారంలా ఉంటుంది. 'చాన్' అయితే సుళువు, బుజ్జి లాంటిది. మనందరం చిన్నప్పుడు చూసిన షిన్‌చాన్ అసలు పేరు షిన్నోసుకే. చాన్ అంటే ముద్దు. మనం ముద్దునీ కలిపి పేరు చేసేశాం.

'అనత' అంటే 'నువ్వు' అని పుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడ పెద్దవాళ్లని అలా అంటే కొట్టినంత పని. పేరో హోదానో చెప్పి మాట్లాడతారు. అదే భార్య భర్తని 'అనత' అంటే అచ్చంగా మన 'ఏవండీ'. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో దాన్ని డియర్ అని చదివినప్పుడల్లా నాకు మా అమ్మమ్మ గుర్తొస్తుంది.

ఇంకోటి, 'దెస్, మస్' వినగానే గౌరవం అనుకోకండి. కొన్నిసార్లు అది దూరం. రాక్షసుల్ని వేటాడే షినోబు వాళ్లతో కూడా నవ్వుతూ 'దెస్, మస్' అనే మాట్లాడుతుంది. అక్కడా 'మీరు' పెట్టేయండి. మా పెద్దమ్మకి ఒళ్లు మండినప్పుడు సొంత పిల్లల్ని 'మీరు' అంటుంది. ఆ చలి తెలుగులో బాగా వస్తుంది.

ఇనోసుకే దగ్గర మీరు దొరికిపోయింది ఎందుకంటే, ఆ 'మీరు' అతను ఎదుటివాళ్లకి ఇవ్వడు. తనకే ఇచ్చుకుంటాడు. 'ఒరె సామా' అంటాడు. ఒరె అంటే నేను, సామా అంటే సాన్ కంటే పెద్ద గౌరవం.

లూప్‌కి_ఇంత

ఆ మాటకొస్తే 'నేను'లు వాళ్లకి బోలెడు. ఒరె, బొకు, వతాషి, ముసలాయనైతే వషి. మనకి నేను ఒక్కటే. అది మాత్రం తెలుగులో పోతుంది, ఒప్పుకోవాల్సిందే. ఇనోసుకేకి నేనైతే "ఇనోసుకే గారొచ్చారు, తప్పుకోండ్రా!" అని రాసేవాణ్ణి. తంజిరోని 'కమబొకొ గొంపచిరో' అంటాడే, అదింకా సందేహంలోనే ఉంది. కమబొకొ అంటే చేపముద్దని ఆవిరి మీద ఉడికించి చేసే తిండి. కమాదోకి దగ్గరగా ఉండే తెలుగు తిండి ఏదైనా తడితే చెప్పండి.

సబ్‌టైటిలే_సత్యం

కందిపచ్చడి.

లూప్‌కి_ఇంత

లిప్ కూడా కుదిరింది! నువ్వు సబ్‌టైటిల్స్ వదిలేసి మా దగ్గరికి వచ్చెయ్.

కాజాప్రియుడు (ప్రశ్న)

అందరికీ థాంక్స్. చాలా రోజులు పట్టింది, రైలు సినిమా ('ముగెన్ ట్రైన్') దాకా వచ్చాం.

దెస్, మస్ చిట్కా పనిచేసింది. ఇప్పుడు అమ్మే ముందు చెబుతోంది, "ఇది మీరు, ఇది నువ్వు" అని. నేను పొరపాటు చేస్తే ఆపేది ఆవిడే. రెంగోకు తమ్ముడు 'అనిఉఎ' అన్నచోట ఇంగ్లిష్‌లో ఒట్టి బ్రదర్ అని ఉంది. అమ్మ విని, ఆ పిల్లాడి వాలకం చూసి, "ఇది అన్నా కాదురా, అన్నగారూ" అంది. వెతికి చూస్తే నిజంగా పాతకాలపు మర్యాద పిలుపేనట.

రెంగోకుతో తలపడే రాక్షసుడు అకాజా వచ్చాడు. పేరు అడిగి తెలుసుకున్న మరుక్షణం నుంచి రెంగోకుని సొంత పేరుతో 'క్యోజురో, క్యోజురో' అంటాడు చూడండి, సాన్ లేదు, ఇంటిపేరు లేదు. ఇన్నిసార్లు చూశాను, నాకెప్పుడూ తట్టలేదు. ఈసారి ఆపి చెప్పాను. "వాడికి అంత చనువు ఎవరిచ్చారు?" అని నిజంగా కోపం తెచ్చుకుంది. ఆ తర్వాత చివరిదాకా నేను రిమోట్ నొక్కలేదు. ఆవిడా ఆపమనలేదు.

ఆ పసుపు జుట్టు జెనిత్సు తన గురువుని 'జీచాన్' అంటాడని, అది అచ్చం 'తాతా' లాంటిదేనని కూడా చెప్పాను. "మరి నేను అడిగింది తప్పేం కాదుగా" అంది.

ఇంట్లో నా పేరు మారిపోయింది. అన్నం వడ్డించి, "ఇనోసుకే గారూ, తమరు దయచేస్తే తింటాం" అంటోంది. ఆ గారులో ఎంత వెటకారం ఉందో నాగోయా అన్నయ్యే చెప్పాలి.