బోదకాలు మందు మీద ప్రాజెక్ట్: పరీక్షలు ఎక్కడ చేయించాలి?

నమస్కారం. కావలిలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదువుతున్నాను. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ (డైఇథైల్‌కార్బమజీన్) మాత్ర మీద ప్రాజెక్ట్ చేయాలని ఉంది. 1947లో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తెచ్చిన మందది. రక్తంలో ఉండే బోదకాలు పిల్ల పురుగులను బాగా తగ్గిస్తుంది, ఏళ్ల తరబడి బతికే పెద్ద పురుగుల మీద మాత్రం అంతగా పనిచేయదు. ఇన్నేళ్లయినా ఇలాగే ఉండటం నాకు బాధగా ఉంది.

డీఈసీ అణువులో పైపరజీన్ అనే రింగ్ మీదున్న మిథైల్ గ్రూపు తీసి వేరే గ్రూపులు పెట్టి కొన్ని కాంపౌండ్లు చేయగలను. అసలు టెన్షన్ పరీక్షల దగ్గరే. డీఈసీకి శరీరంలోని రోగనిరోధక శక్తి తోడవ్వాలి, గాజుపాత్రలో పురుగుల మీద దాని ప్రభావం చాలా తక్కువ. మరి నా కాంపౌండ్లకు ఏ పరీక్ష సరైనది? లక్నోలోని సీడీఆర్ఐ (కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ) లాంటి చోట బయటి విద్యార్థుల శాంపిళ్లు తీసుకుంటారా? ఎన్ని మిల్లీగ్రాములు, ఎంత ప్యూరిటీ అడుగుతారు? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.