యీషింగ్ టీకుండ మీద చెక్కిన రాత: అలంకారమేనా? కుండ ఎవరి పేరున చెలామణి కావాలి?

మట్టిబుర్ర: మ్యూజియం వీడియో ఒకటి చూశాను. చైనాలోని యీషింగ్ ఊరి టీకుండ, గ్లేజు (గాజులాంటి పూత) లేని ఎర్రమట్టి, పొట్ట మీద అక్షరాలు. పేరేమో 'మాన్‌షెంగ్ కుండ'. మాన్‌షెంగ్ అంటే చెన్ హోంగ్‌షౌ (1768–1822), ముద్రలు చెక్కే పండితుడు, పక్కనున్న లీయాంగ్‌లో అధికారి. కుండ చేసిందేమో యాంగ్ పెంగ్‌న్యెన్. నాలుగు అక్షరాలు గీకితే కుండ ఆయనదైపోతుందా?

సిరాబుడ్డి: గీకడం ఏంటండీ. పూల డిజైన్ అయితే ఏ కుండ మీదైనా ఇముడుతుంది, ఇది ఇమడదు. గడ్డిటోపీ ఆకారపు కుండ మీద ఉన్న మాట ఇదీ: టోపీ ఎండదెబ్బ తగలనివ్వదు, టీ దాహం తీరుస్తుంది, ఇవి రెండా ఒకటా, బుద్ధుడు చెప్పలేదు. ఇదే మాట ఇంకో కుండ మీద పెట్టి చూడండి, అర్థమే ఉండదు. పైగా గ్లేజు లేదు కాబట్టి కత్తిగాటు పూడిపోకుండా పదునుగా కనిపిస్తుంది.

టీపిచ్చోడు: నాకు సాదా కుండే ముద్దు.

మట్టిబుర్ర: ఆ టోపీ ఆకారం ఎలా వచ్చిందంటారు? కుమ్మరి సారె మీద తిప్పి కాదు. మట్టిని పలకగా కొట్టి, పట్టీ కోసి, చుట్టి అతికించి, చెక్క తెడ్డుతో తట్టీ తట్టీ పొట్ట తెస్తారు. అది సగం ఆరాక పండితుడు గారు కత్తి పట్టుకుని వస్తారు. కాల్చేటప్పుడు పగిలితే పోయేది ఎవరి కష్టం?

చుక్కాని: పెంగ్‌న్యెన్ ముద్ర కూడా ఉంటుందిగా, పిడి కింద. అడుగున ఉండే 'ఆమాంతువో షి' ముద్ర చెన్ గారిది, ఆయన రాతగది పేరు.

మట్టిబుర్ర: అదే నేననేది! అడుగంతా ఆయనది, పిడి కింద మూల ఈయనది.

సిరాబుడ్డి: ముద్ర ఎక్కడుందో పట్టుకుని వేలాడితే ఎలా? అడుగు మాత్రం ఎవరికి కనిపిస్తుంది?

చుక్కాని: పద్దెనిమిదో శతాబ్దపు చైనా చక్రవర్తి చియెన్‌లోంగ్ అయితే వందల ఏళ్ల నాటి సోంగ్ కాలపు గిన్నెల మీద తన పద్యాలు చెక్కించాడు. దాన్నేమంటారు?

సిరాబుడ్డి: అది కాలి పూర్తయిన గిన్నెను పాడుచేయడం. ఇది పచ్చిమట్టి, ఇద్దరూ కలిసి చేసిన పని. కలపకండి.

మట్టిబుర్ర: కలిసి చేసిన పనైతే పేరు ఒక్కరిదే ఎందుకు? ఒక ప్రదర్శనకి నేను కూజాలు చేసిచ్చాను, వాటి మీద రాతేమో పేరున్న ఒకాయనది. కార్డు మీద పెద్దక్షరాల్లో ఆయన పేరు, నాకు 'మట్టిపని సహకారం' అట. అడిగితే అందరికీ అంతేనన్నారు.

సిరాబుడ్డి: ఆ నిర్వాహకుల మీద కోపం 200 ఏళ్ల కిందటి మనిషి మీద తీర్చుకుంటే ఎలా బ్రదర్? రాతే కాదు, ఆకారాల ఊహ కూడా చెన్‌దే. పెంగ్‌న్యెన్ చెప్పింది చేశాడు.

మట్టిబుర్ర: ఇప్పుడు బయటపడ్డారు! పొద్దున్నుంచీ రాత, రాత అంటూ మీరు తిప్పుతున్నది ఇదే, బుర్ర ఒకరిది, చెయ్యి ఇంకొకరిది, చెయ్యికి ఆలోచన ఉండదు. బొమ్మ ఎవడైనా గీస్తాడు. మూత బిగువుగా కూర్చోవడం, వంపడం ఆపగానే ముక్కు కొస నుంచి చుక్క కారకపోవడం ఏ కాగితం మీద గీశారు?

టీపిచ్చోడు: ఆ చుక్క మాట నిజం. మా ఇంట్లోది కారుతూనే ఉంటుంది.

సిరాబుడ్డి: ఆలోచన లేదని నేననలేదు. ఆ అక్షరాలే లేకపోతే పెంగ్‌న్యెన్ పేరు మీరు వినేవారా అంటున్నాను.

మట్టిబుర్ర: షి దాబిన్ పేరు వినలేదా? చెన్ కంటే చాలా ముందు, మింగ్ కాలం కుమ్మరి. తన కుండ మీద తన పేరే చెక్కుకున్నాడు.

సిరాబుడ్డి: ఆయన పెద్ద కుండలు మాని చిన్నవి మొదలెట్టింది చెన్ జీరు (ఈ చెన్ వేరు) లాంటి పండితుల టీ కబుర్లు విన్నాకే కదండీ.

మట్టిబుర్ర: మళ్లీ పండితుడే!