‘రాక్షసుడు’లో హంతకుడి గతం అవసరమేనా?
2018 నాటి తమిళ ‘రాట్ససన్’ను, 2019లో రమేష్ వర్మ దర్శకత్వంలో వచ్చిన దాని తెలుగు రీమేక్ ‘రాక్షసుడు’ను చూసినవారిని ఒక సందేహం అడగదలిచాను. బడిపిల్లలు ఒక్కొక్కరే మాయమవుతుంటే, సినిమా దర్శకుడు కావాలనుకుని ఎస్సైగా చేరిన కథానాయకుడి మాటను పై అధికారి పెడచెవిన పెట్టడం, దానికి జిబ్రాన్ నేపథ్య సంగీతం తోడవడం నన్ను కూర్చున్నచోటు నుంచి కదలనివ్వలేదు. అయితే హంతకుడి గతం చెప్పే ఘట్టం (కథ తెలియనివారు ఇక్కడితో ఆపేయడం మంచిది) అరుదైన వ్యాధి వల్ల అతడు పడ్డ అవమానాన్ని చూపిస్తూనే, ఆ రూపాన్నే ప్రేక్షకుణ్ణి భయపెట్టడానికి వాడుకుందనిపించింది. పతాక సన్నివేశం కూడా పరిశోధనను వదిలేసి మామూలు ఫైటుగా మిగిలింది. ఆ గతం చెప్పకుండా ఉంటే బిగువు పెరిగేదా, లేక కథ అసంపూర్తిగా తోచేదా? రెండు భాషల్లోనూ చూసినవారు ఈ ఘట్టం ఎందులో మెరుగ్గా కుదిరిందో కారణాలతో తెలియజేయగలరు.